సంతకం కింద సన్న అక్షరాలు

నాలుగేళ్ల కిందట మా అబ్బాయి పేర సేవింగ్స్ ఖాతా తెరుద్దామని బ్యాంకుకు వెళ్లాను. ఫారం నింపి, ఫొటో అంటించి, ఆధార్ జిరాక్సులు జతచేసి, గార్డియన్ అన్న చోట నా పేరు రాసి సంతకం చేశాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు కాగితాలు ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు.

"మేడమ్, సార్ సంతకం ఏదండీ?"

సార్ ఊళ్లో లేరన్నాను. డబ్బు నాదన్నాను. పిల్లాడు కూడా నాకే పుట్టాడన్నాను. నవ్వాడు పాపం, మంచివాడే. "అది కాదు మేడమ్, ఫాదర్ ఉండగా మదర్ సైన్ చెల్లదు. సార్ వచ్చాక పంపించండి, రెండు నిమిషాల పని. మీరు మళ్లీ రానక్కర్లేదు కూడా" అన్నాడు.

నాకు కష్టం తప్పిద్దామనే అన్నాడు. నేను మాత్రం అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అరగంట తర్వాత మేనేజరు గారు బయటికి వచ్చి, తల్లి గార్డియన్‌గా ఖాతా తెరవొచ్చనీ, ఆ రూలు ఎప్పటినుంచో ఉందనీ ఆ కుర్రాడికి చెప్పారు. ఖాతా తెరిచారు. పాస్‌బుక్ చేతికొచ్చాక చూస్తే 'తండ్రి పేరు' అన్న గడిలో నా పేరు ప్రింటయి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో గార్డియన్ అంటే తండ్రే కాబోలు. దిద్దించుకోలేదు. ఇప్పటికీ దాన్ని చూపించి ఇంట్లో అందరం నవ్వుకుంటాం.

కానీ ఆ కుర్రాడి మాట అతని సొంత తెలివి కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ మైనరుకు సహజ సంరక్షకులు ఎవరో చెబుతూ "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అంటుంది. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనేది కూడా ఆ సెక్షన్‌లోదే. పాలు పట్టడానికీ ముక్కు తుడవడానికీ అమ్మ. కాగితం దాకా వచ్చేసరికి నాన్న.

రచయిత్రి గీతా హరిహరన్‌కు సరిగ్గా ఇలాంటిదే ఎదురైంది. ఆవిడ కొడుకు పేర రిజర్వ్ బ్యాంకు రిలీఫ్ బాండ్లకు దరఖాస్తు పెట్టి, గార్డియన్‌గా తనే సంతకం చేశారు. భర్తకు ఏ అభ్యంతరమూ లేదు. అయినా దరఖాస్తు తిరిగొచ్చింది. తండ్రి సంతకం పెట్టించండి, లేదంటే మీరే గార్డియన్ అని అధికారిక సర్టిఫికెట్ తెండి అన్నారు. ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. కోర్టు సెక్షన్‌ను కొట్టెయ్యలేదు, అందులోని "తర్వాత" అన్న ఒక్క మాటను పట్టుకుంది. తర్వాత అంటే తండ్రి పోయాకే అని అర్థం తీసుకోనక్కర్లేదు, ఆయన అందుబాటులో లేనప్పుడు, బిడ్డ సంగతి పట్టించుకోనప్పుడు అని కూడా చదువుకోవచ్చు అంది. అలా చదవడానికి రాజ్యాంగంలోని సమానత్వ హక్కుతో పాటు మన దేశం ఒప్పుకున్న ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని కూడా గుర్తుచేసింది.

స్త్రీలపై అన్ని రకాల వివక్షనూ నిర్మూలించే ఒప్పందం అది. పొడి అక్షరాల్లో అందరూ సీడా అంటారు. బ్యాంకు నుంచి వచ్చాక ఉక్రోషంతో మొదలుపెట్టి దాన్ని మొత్తం చదివాను. 30 ఆర్టికల్సే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. చదివితే అందులో భయపడేంత సంగతేమీ కనపడదు. ఓటు, చదువు, ఉద్యోగం, వైద్యం, పౌరసత్వం, బ్యాంకు రుణం, పెళ్లి, పిల్లలు. వీటన్నిట్లో ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా హక్కులుండాలి, ఉండేట్టు ప్రభుత్వం చూడాలి. 1979 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో 130 దేశాలు దీనికి ఔనన్నాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. ఇవాళ 189 దేశాలు ఇందులో ఉన్నాయి.

మరి ఇంత మందికి నచ్చినదాని మీద ఇన్నేళ్ల రభస ఎందుకు?

మన సంగతే ముందు చూద్దాం. భారతదేశం 1980 జులైలో సంతకం చేసింది. ఆ సంతకాన్ని ధ్రువీకరించడానికి, అంటే "ఇక దీనికి మేం కట్టుబడతాం" అని చెప్పడానికి, 1993 జులై దాకా పట్టింది. పదమూడేళ్లు. ఇక్కడొక చిత్రం ఉంది. మన దేశంలో అంతర్జాతీయ ఒప్పందాన్ని ధ్రువీకరించడానికి పార్లమెంటు ఓటు అవసరం లేదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తే చాలు. కాబట్టి దీన్ని ఒప్పుకోవాలా వద్దా అని సభలో ఓటింగు జరగాల్సిన పనే పడలేదు. వాదనంతా ప్రభుత్వం తనలో తానే చేసుకుంది. దాని ఫలితాన్ని సంతకం కింద రెండు ప్రకటనలుగా, ఒక మినహాయింపుగా రాసి పంపింది. (ఇలాంటి మినహాయింపును ఇంగ్లిష్‌లో రిజర్వేషన్ అంటారు. "ఆడవాళ్ల ఒప్పందంలో ఇండియా రిజర్వేషన్ పెట్టింది" అని నేనంటే మా బంధువొకాయన "మంచిదే కదమ్మా, ఎంత శాతం?" అని అడిగారు.)

మొదటి ప్రకటన రెండు చోట్లకు వర్తిస్తుంది. ఒకటి ఐదో ఆర్టికల్‌లో ఆడది తక్కువ, మగాడు ఎక్కువ అనే భావన మీద నిలబడ్డ ఆచారాలను మార్చాలన్న భాగం. రెండోది పదహారో ఆర్టికల్‌లో పెళ్లి, విడాకులు, పిల్లల సంరక్షణ, ఆస్తి విషయాల్లో భార్యాభర్తలు సమానం అన్న భాగం. వీటిని అమలుచేస్తాం కానీ, ఏ సమాజపు సొంత వ్యవహారాల్లోనూ ఆ సమాజం చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోరాదన్న మా విధానానికి లోబడే చేస్తాం అంది ప్రభుత్వం.

రెండో ప్రకటన పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ గురించి. సూత్రప్రాయంగా పూర్తిగా సమర్థిస్తాం, కానీ ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలు, ఈపాటి అక్షరాస్యత ఉన్న ఇంత పెద్ద దేశంలో అది ఆచరణ సాధ్యం కాదు అన్నారు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అప్పటికే ఇదే దేశం మారుమూల తండాలో ముసలమ్మ పేరు కూడా ఓటర్ల జాబితాలో అచ్చు వేస్తోంది, పదేళ్లకోసారి ఇంటింటికీ వెళ్లి తలలు లెక్కపెడుతోంది. పెళ్లి రాసుకోవడం మాత్రం చేతకాదట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం చేసుకుంది. 2006లో సుప్రీంకోర్టు, ఏ మతం వాళ్లయినా పెళ్లి రిజిస్టరు చేయాల్సిందే, అందుకు నియమాలు పెట్టండి అని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ప్రకటన మాత్రం ఐక్యరాజ్యసమితి దగ్గర అలాగే ఉంది. కాలం చెల్లిన బోర్డు షాపు మూసేశాక కూడా వేలాడుతున్నట్టు.

రెండోది నవ్వుకుని వదిలేయొచ్చు. మొదటిదాన్ని వదల్లేను.

"సమాజం చొరవ, సమ్మతి" అంటున్నారు కదా, ఎవరా సమాజం? ఎవరి సమ్మతి అడిగారు? సమాజంలో సగం మంది ఆడవాళ్లే. వాళ్లు నోరు తెరిచి అడిగితే అది సమాజం చొరవ అవుతుందా, కాదా?

మేరీ రాయ్ కథ చూడండి. కేరళలోని తిరువాన్కూరు సిరియన్ క్రైస్తవుల వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా తండ్రి పోతే కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు. రెండింట్లో ఏది తక్కువైతే అది. ఆ చివరి మాట రాసినవాడెవడో గానీ పని పక్కాగా చేశాడు. ఆవిడ కోర్టుకెక్కి 1986లో గెలిచారు. ఆవిడ ఆ సమాజం మనిషే, చొరవ ఆవిడదే. అయినా ఆ సమాజం పెద్దలకు అది చొరవలా కాక తిరుగుబాటులా కనిపించింది. తలాక్ అని ఒకేసారి మూడుమార్లు అనేసి భార్యను వదిలేయడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పడానికి కారణమైన షాయరా బానో కూడా ఆ సమాజంలోని ఆడమనిషే. ఇక హిందువుల సంగతి చెప్పక్కర్లేదు. పెళ్లి, ఆస్తి విషయాల్లో హిందూ ఆడవాళ్లకు హక్కులివ్వబోయిన హిందూ కోడ్ బిల్లును నీరుగార్చారని అంబేద్కర్ 1951లో మంత్రి పదవే వదులుకున్నారు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే వాటా అని మన రాష్ట్రం 1985 నుంచి ఇస్తే, దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 అయింది. మన దగ్గరైనా ఆ చట్టం వచ్చేనాటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు ఇవ్వలేదు. మా పెద్దత్త ఆ లెక్కలో తప్పిపోయింది. ఆవిడకు ముందే పెళ్లయింది, చెల్లెలికి తర్వాత అయింది. ఒకే తండ్రి, ఒకే పొలం, చెల్లెలికి వాటా వచ్చింది, ఆవిడకు పసుపు కుంకుమల కింద ఒక చీర వచ్చింది. ఈ విషయంలో ఆవిడ సమ్మతి ఎవరూ అడగలేదు.

అందుకే "సమాజం సమ్మతి" అన్నప్పుడల్లా నాకు పెళ్లిచూపుల్లో "అమ్మాయికి ఇష్టమేనా?" అని వాళ్ల నాన్నను అడిగే దృశ్యం గుర్తొస్తుంది.

1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో మొదట "పురుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుడతారు" అనే అర్థంలో ఒక వాక్యం ఉండేది. ఇంగ్లిష్‌లో పురుషులన్నా మనుషులన్నా ఒకటేలే అని కొందరు సర్దిచెప్పబోయారు. కాదు, 'మానవులందరూ' అని స్పష్టంగా రాయాలని పట్టుబట్టి మార్పించింది మన దేశం పంపిన హంసా మెహతా. ఒక్క మాట కోసం అలా నిలబడ్డ దేశం, నలభై అయిదేళ్ల తర్వాత అదే ఐక్యరాజ్యసమితికి రాసిన కాగితంలో ఎన్ని మాటలు వెనక్కి తీసుకుందో చూస్తే బాధేస్తుంది.

మనం సన్న అక్షరాల్లో చెప్పినదాన్ని అమెరికా బాహాటంగా చెప్పింది. అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1980లోనే ఒప్పందం మీద సంతకం చేశాడు. కానీ అక్కడ ధ్రువీకరించాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది, అంటే వందమందీ ఓటేస్తే 67 మంది, ఒప్పుకోవాలి. విదేశాంగ కమిటీ 1994లో ఒకసారి, 2002లో ఇంకోసారి సరేనంది. పూర్తి సభ ముందు ఓటింగుకు మాత్రం ఇవాల్టికీ రాలేదు. ఇందులో చేరని దేశాల జాబితాలో ఇరాన్, సూడాన్, సొమాలియా, పసిఫిక్ దీవుల దేశాలు టోంగా, పలావులతో పాటు అమెరికా కూర్చుని ఉంటుంది.

మధ్యలో 1999 అక్టోబరులో జరిగిన ఒక ఘటన ఆ చర్చ తీరు మొత్తం చెబుతుంది. ఆ విదేశాంగ కమిటీ ఛైర్మన్ జెస్సీ హెల్మ్స్ ఆ ఒప్పందాన్ని ఏళ్ల తరబడి ముందుకు కదలనివ్వలేదు. దిగువ సభకు చెందిన మహిళా సభ్యులు కొందరు, లిన్ ఊల్సీ ముందు నడవగా, ఆయన కమిటీ సమావేశం జరుగుతున్న గదిలోకే ఉత్తరం పట్టుకుని వెళ్లారు. దీని మీద విచారణ పెట్టండి అన్నదే వాళ్ల కోరిక. ఆయన వినలేదు. కాస్త ఆడదానిలా మర్యాదగా మసలుకోమని ఊల్సీకి బుద్ధి చెప్పి, పోలీసుల చేత అందరినీ బయటికి పంపించాడు. వివక్ష లేకుండా చూడమనే ఒప్పందం గురించి అడగడానికి వచ్చిన ప్రజాప్రతినిధికి దొరికిన జవాబు అది. ఆయన్ని తప్పుపట్టడానికి ఒప్పందంలో ఐదో ఆర్టికల్ చాలు, అందుకే కాబోలు అంత భయపడ్డాడు.

అయితే అక్కడి వ్యతిరేకుల వాదన అంతా తీసిపారేసేది కాదు. 2000లో బెలారస్‌ను సమీక్షిస్తూ ఒప్పందం అమలును పరిశీలించే ఐక్యరాజ్యసమితి సీడా కమిటీ నిపుణులు, మదర్స్ డే లాంటివి మళ్లీ తీసుకురావడం ఆడవాళ్లను పాత మూసలోకి నెట్టడమేనని ఆందోళన పడ్డారు. "చూశారా, అమ్మల పండగ కూడా వద్దంటారట" అని అమెరికాలో దాన్ని ఏళ్ల తరబడి ఊదరగొట్టారు. నిజం చెప్పాలంటే కమిటీ ఆ మాట అనకుండా ఉంటేనే బాగుండేది. తల్లికి ఒక రోజు పువ్వులిస్తే వచ్చిన నష్టం ఏమీ లేదు, మిగతా రోజుల్లో ఆవిడ సంతకం చెల్లితే చాలు. కానీ కమిటీ చేసేవి సిఫార్సులు. ఏ దేశపు పండగనూ రద్దు చేసే అధికారం దానికి లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని 30 ఆర్టికల్స్‌నూ పక్కన పెట్టడం, పప్పులో రాయి తగిలిందని పొయ్యి ఆర్పేయడమే.

టోంగాలోనూ ఇదే కథ, వేషం వేరు. 2015లో అక్కడి ప్రభుత్వం ఒప్పందంలో చేరతామంటే చర్చి సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. ఊరేగింపుల్లో ఆడవాళ్లే ఎక్కువ కనిపించారు. గర్భస్రావాలు, స్వలింగ వివాహాలు వస్తాయన్నది వాళ్ల భయం. ఒప్పందం మొత్తం వెతికినా ఆ రెండు మాటలూ ఎక్కడా ఉండవు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. భూమి వారసత్వం మగవాళ్లదన్న అక్కడి పద్ధతి మాత్రం చర్చ లేకుండానే బతికి బయటపడింది.

అమెరికా, అది మా రాష్ట్రాల పని, కుటుంబం జోలికి బయటివాళ్లు రావద్దు అంటుంది. టోంగా మా విశ్వాసం అంటుంది. మనం సమాజాల సమ్మతి అంటాం. మాటలు వేరైనా అందరూ ఒకే గుమ్మం దగ్గర ఆగుతున్నారు, అది ఇంటి గుమ్మం. ఆఫీసులో సమానత్వం, బడిలో సమానత్వం, ఓటులో సమానత్వం, వీటికి పెద్దగా పేచీ లేదు. పెళ్లి, పిల్లలు, పొలం అనేసరికి ప్రతి ప్రభుత్వానికీ సంస్కృతి గుర్తొస్తుంది.

"ఇంతా చేసి ఆ కాగితానికి పళ్లున్నాయా?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అఫ్ఘానిస్తాన్ 2003లో ఈ ఒప్పందంలో చేరింది, అదీ ఒక్క మినహాయింపు కూడా పెట్టకుండా. మనకంటే, యూరప్ దేశాలు కొన్నిటికంటే శుభ్రమైన సంతకం. 2021లో తాలిబన్లు తిరిగొచ్చాక అక్కడ ఆడపిల్లలకు హైస్కూలు తలుపులు మూసుకున్నాయి. సంతకం వాళ్లను కాపాడలేదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, నెదర్లాండ్స్ కలిసి, ఈ ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు అఫ్ఘానిస్తాన్‌ను బాధ్యురాల్ని చేసే ప్రక్రియ మొదలుపెడతామని ప్రకటించాయి. ఇరవై తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం ముందు సంప్రదింపులు, తర్వాత మధ్యవర్తిత్వం, అవీ కుదరకపోతే అంతర్జాతీయ న్యాయస్థానం. మినహాయింపు లేకుండా సంతకం చేసింది కాబట్టే ఆ దారి తెరిచి ఉంది. మన దేశం పెట్టుకున్న అసలైన మినహాయింపు ఏమిటో చెప్పలేదు కదా, అది ఈ ఇరవై తొమ్మిదో ఆర్టికల్‌కే. మనల్ని అలా ఎవరూ అక్కడికి లాగలేరు. బాధితురాలు నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే 1999 నాటి అనుబంధ ఒప్పందంలో కూడా మనం చేరలేదు.

ఇక మన దగ్గర ఆ కాగితం ఏం చేసిందంటారా? రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలోనే పనిచేసే భన్వరీ దేవి బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘటన తర్వాత విశాఖ అనే సంస్థ, మరికొందరు (మన విశాఖపట్నంతో సంబంధం లేదు) సుప్రీంకోర్టుకు వెళ్లారు. పనిచేసే చోట లైంగిక వేధింపులు ఆపడానికి అప్పటికి మన దగ్గర చట్టమే లేదు. చట్టం లేనిచోట దేన్ని ఆధారం చేసుకోవాలి? 1997 ఆగస్టులో కోర్టు సీడానే ఆధారం చేసుకుంది. ఈ దేశం దానికి ఒప్పుకుంది, మన చట్టంతో దానికి పేచీ లేదు, కాబట్టి పార్లమెంటు చట్టం చేసేదాకా ఇవే నియమాలు అని తానే రాసిచ్చింది. పార్లమెంటు చట్టం చేసింది 2013లో. మధ్యలో పదహారేళ్లు ఈ దేశంలో ఉద్యోగం చేసే ప్రతి ఆడమనిషికీ ఆ రక్షణ ఇచ్చింది ఆ పళ్లులేని కాగితమే. నా మొదటి ఉద్యోగం ఆ పదహారేళ్లలోనే. ఆఫీసు నోటీసు బోర్డు మీద కంప్లయింట్ కమిటీ సభ్యుల పేర్లు టైపు చేసి అంటించి ఉండేవి. అవి ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు నాకు తెలియదు. ఒకసారి అవసరపడింది కూడా. ఆ సంగతి ఇక్కడ వద్దు గానీ, ఆ బోర్డు మీద పేర్లు లేకపోతే నేను రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చేసేదాన్ని.

అందుకే ఆ సన్న అక్షరాలు ఊరికే లాంఛనం అంటే ఒప్పుకోను. కోర్టు ఒప్పందాన్ని చేతికి తీసుకున్న ప్రతిసారీ ఆ ప్రకటన కూడా వెంట వస్తుంది. ఆఫీసు విషయంలో కోర్టుకు అడ్డేమీ కనపడలేదు. ఇంటి విషయంలో మాత్రం "తర్వాత" అన్న మాటకు కొత్త అర్థం వెతుక్కుని సర్దుకోవాల్సి వచ్చింది. సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది, తండ్రి ముందు, ఆయన తర్వాత తల్లి. బ్యాంకు కౌంటర్లో కుర్రాడికి తెలిసింది సెక్షన్, తీర్పు కాదు.

మార్చడం కష్టమా అంటే, ఇందులో తేలికైన భాగం ఒకటుంది. ట్యునీసియా తన మినహాయింపులను 2014లో వెనక్కి తీసుకుంది. ఒప్పందం ఇరవై ఎనిమిదో ఆర్టికల్ ప్రకారం దానికి కావాల్సింది ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి ఒక ఉత్తరం. అది అందిన రోజునుంచే అమలు. మనకైతే 67 మంది సెనేటర్ల గొడవ లేదు, పార్లమెంటు ఓటు కూడా అక్కర్లేదు. ఒక పేజీ టైపు చేయాలి, కింద ఒక సంతకం పెట్టాలి. సార్ ఊళ్లో లేకపోతే మేడమ్ పెట్టినా చెల్లుతుంది.